అత్తగారి నాలుగేళ్ళు

అత్తకి కోడలి మీద నమ్మకం ఉండటం వింతేమీ కాదు గానీ, కోడలు చెప్పిన ఒక్క అంకెని పట్టుకుని అత్త ఏకంగా మూడేళ్ళ చదువుకి దరఖాస్తు పెట్టడం మాత్రం ఆ వీధిలో ఎవరూ కనీ వినీ ఎరగరు. అదీ డెబ్బై ఒకటో ఏట. అదీ భూగోళ శాస్త్రం.

అత్తగారు కోర్టులో ముప్ఫై రెండేళ్ళు టైపిస్టు. ఉద్యోగం వదిలి పదమూడేళ్ళయినా, ఎవరైనా మాట్లాడుతుంటే ఆవిడ వేళ్ళు బల్ల అంచు మీద టకటకలాడుతూనే ఉండేవి. చెప్పినదంతా మనసులో కాగితం మీదికి ఎక్కుతోందన్నమాట. ఆవిడ ముందు ఓ మాట అని, తర్వాత అనలేదనడం ఎవరి తరమూ కాదు.

ఆవిడ తోడబుట్టినవాళ్ళు నలుగురు. నలుగురూ పోయారు. ఆఖరి అక్క డెబ్బై ఒకటి దాటి డెబ్బై రెండు రాకుండానే పోయినప్పుడు ఆవిడ ఓ నిర్ణయానికి వచ్చేసింది: తమ వంశంలో డెబ్బై రెండో గడప దాటిన మనిషి లేదు, తనూ దాటదు. ఇక అప్పటినుంచి దేనికైనా ఒకటే జవాబు. కళ్ళజోడు బీట వేసింది, మార్పిద్దాం అంటే, "ఎన్నాళ్ళకని?" పరుపు కుంగిపోయింది అంటే, "ఎన్నాళ్ళకని?" కొత్త ఇస్త్రీ పెట్టె కొన్నప్పుడు గ్యారంటీ కార్డు మీద రెండేళ్ళు అని చూసి, తన పేరు కొట్టించి కొడుకు పేరు రాయించింది. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పైకీ కిందికీ తిరిగే వస్తువులతో తప్ప మనుషులతో ఎక్కువ మాట్లాడడు. "సరేలే అమ్మా" అని సంతకం పెట్టేశాడు.

కోడలు ఊళ్ళోని పెద్దాసుపత్రిలో మూడో అంతస్తు చివరి గదిలో గణాంకాల పని చేసేది. ఆ గదిలో రెండు కంప్యూటర్లు, నేల మీదినుంచి కిటికీ దాకా పాత ఫైళ్ళు, ఎప్పుడూ సగమే తెరుచుకునే తలుపు. ఆఫీసులో ఆమెని అందరూ అనుమానం మేడమ్ అనేవారు, వెనకాల. డాక్టర్లు ఏదో కనిపెట్టామని సంబరంగా వస్తే, "అది మందు వల్లే అని ఎలా తెలుసు?" అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఆమె ఉద్యోగం. ఆ పేరు తనకి తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

ఆమె చేసే పని చెప్పుకోవడానికి విచిత్రంగా ఉంటుంది. జరగని ప్రయోగాన్ని పాత కాగితాల్లోంచి జరిగినట్టు కట్టాలి. ఒక మందు ముసలితనాన్ని నెమ్మదింపజేస్తుందా అన్నది తేలాలంటే అసలైన దారి ఒకటే. వేలమందిని కూర్చోబెట్టి, చీటీలు వేసి, సగంమందికి ఆ మందు, సగంమందికి వేరే మందు ఇచ్చి, ఇరవై ఏళ్ళు కూర్చోవాలి. అన్నాళ్ళు కూర్చునే ఓపిక ఎవరికుంది? లెక్క తేలేలోపు లెక్కపెట్టేవాళ్ళే ముసలివాళ్ళయిపోతారు. కాబట్టి ఎప్పటినుంచో వాడుకలో ఉన్న మందుల చీటీలు ముందేసుకుని, వయసూ బరువూ పొగతాగే అలవాటూ అన్నీ కలిసే మనుషుల్ని జతలు కలిపి, చీటీలు వేసే ఉంటారని ఊహించుకుని, ఇరవై ఏళ్ళు అప్పుడే గడిచిపోయాయి కదా, ఏం జరిగిందో చూడాలి. ఊహ సరిగా కుదిరితే నిజం బయటపడుతుంది. కుదరకపోతే అచ్చం నిజంలాంటిదే ఇంకొకటి బయటపడుతుంది. ఈ రెండింటినీ విడదీయడానికే అనుమానం కావాలి.

ఈసారి వంతు ఒక పాత రక్తపోటు బిళ్ళది. తెల్లగా, గుండ్రంగా, మధ్యలో గీతతో, ఏ మందుల కొట్టులో అడిగినా దొరికేది. ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా ఏటేటా పరీక్షలు చేయించుకున్నవాళ్ళు అరవై ఒక్క వేలమంది. పిడికిలి పట్టు ఎంత, నాలుగడుగులు ఎంతసేపట్లో వేస్తున్నారు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, చూపు ఎలా ఉంది. వీటన్నిటినీ కలిపి మనిషి ఒంటి వయసు కట్టారు. అత్తగారూ ఆ బిళ్ళే మూడున్నరేళ్ళుగా వేసుకుంటోంది. ఆవిడ కాగితాలూ ఆ అరవై ఒక్క వేలలో ఎక్కడో ఉన్నాయి. పేర్లు తీసేసి అంకెలు పెట్టారు కాబట్టి ఏ అంకె ఆవిడో కోడలికి తెలియదు. వెతకకూడదు, వెతకలేదు.

ఎవరిని ఆ బిళ్ళ వాడినవాళ్ళు అనాలి అన్నప్పుడు విభాగం పెద్ద డాక్టరు ఒక షరతు పెట్టాడు. ఐదేళ్ళు ఆపకుండా వాడినవాళ్ళే వాడినవాళ్ళు. మధ్యలో ఆపేసినవాళ్ళని, వేరే బిళ్ళ వాడినవాళ్ళతో కలిపి, వాడనివాళ్ళ గుంపులో వేయాలి. వినడానికి సబబుగానే ఉంది. మధ్యలో మానేసినవాణ్ణి వాడినవాడు అని ఎలా అంటాం? కోడలు తలూపింది.

ఫలితం వచ్చిన రోజు ఆమె కంప్యూటరులో ఆ అంకెని రెండుసార్లు చదువుకుంది. బిళ్ళ వాడినవాళ్ళ ఒళ్ళు తోటివాళ్ళ ఒంటికన్నా నాలుగేళ్ళు చిన్నది. నాలుగు నెలలు కాదు, నాలుగేళ్ళు.

ఆమెకి ఒక పద్ధతి ఉండేది, చదువుకునే రోజుల్లో మాస్టారు నేర్పింది. ఏ ఫలితాన్నీ గది దాటించే ముందు పది ఫైళ్ళు చేత్తో తీసి, మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదవాలి. ఐదు ఇటునుంచి, ఐదు అటునుంచి. పదిహేనేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఈసారి కూడా పది తీసింది. కాకపోతే పదీ వాడినవాళ్ళ గుంపులోంచే తీసింది. ఎనభై రెండేళ్ళ ఈత మాస్టరు, మెట్లెక్కి మూడో అంతస్తుకి వచ్చే నర్సమ్మ, ఇంకా సూదిలో దారం ఎక్కించే దర్జీ. చదువుతుంటే హాయిగా అనిపించింది. ఆ హాయిని ఆమె అనుమానించలేదు.

సాయంత్రం ఇంట్లో టీ తాగుతూ, నోరు ఊరుకోక, అత్తగారి చెవిన వేసింది.

"మీరు వేసుకునే బిళ్ళ ఉంది చూశారూ, అది ముసలితనాన్ని నాలుగేళ్ళు వెనక్కి లాగుతోంది అత్తయ్యా. మా లెక్కలో తేలింది."

బల్ల మీద అత్తగారి వేళ్ళు ఆడటం ఆగిపోయింది. "మళ్ళీ చెప్పు."

కోడలు మళ్ళీ చెప్పింది, ఈసారి రెండు గుంపుల సంగతీ ఐదేళ్ళ షరతూ కలిపి.

"నువ్వు చెబుతున్నావా, మీ డాక్టరు చెబుతున్నాడా?"

"నేనే."

"నువ్వు దేన్నీ నమ్మవు కదా, అమ్మాయ్!"

"దీన్ని నమ్మాను."

అంతే. మర్నాడే అత్తగారు కళ్ళజోడు మార్పించుకుంది. వారం తిరిగేలోపు కొత్త పరుపు వచ్చింది. నెల తిరిగేలోపు ఇంట్లో కూర్చుని చదివే డిగ్రీకి దరఖాస్తు పెట్టింది, మూడేళ్ళది. చిన్నప్పుడు స్కూల్లో పటాలు గీయడంలో తనే ఫస్టట. తర్వాత టైపు నేర్చుకోమన్నారట. డెబ్బై ఒకటికి నాలుగు కలిపితే డెబ్బై ఐదు, మూడేళ్ళు చదువు పోగా ఇంకో ఏడాది చేతిలో మిగులుతుందని తనే లెక్క చెప్పి, ఆ ఏడాదిలో ఏం చేయాలో తర్వాత చూద్దామంది. ఇంటి గోడ నిండా నదులు, కొండలు. మెకానిక్కు కొడుకు అటు చూసి ఇటు చూసి, "మన ఇంట్లోకి సముద్రం ఎప్పుడొచ్చింది?" అన్నాడు. అది ఆ ఏడాది మొత్తానికీ అతను అన్న పెద్ద మాట.

మొదటి ఏడాది పరీక్షలు అయిపోయాయి. రెండో ఏడాది దరఖాస్తు వచ్చింది. ఆ వారమే అత్తగారికి జబ్బు చేసింది.

పెద్ద జబ్బేమీ కాదు. రెండు రోజులు విరేచనాలు, నీరసం, లేస్తే కళ్ళు తిరగడం. వీధి చివర డాక్టరమ్మ వచ్చి బీపీ చూసి, బాగా పడిపోయిందంది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగమంది. రక్తపోటు బిళ్ళ వెంటనే ఆపేయాలని, పదిహేను రోజులయ్యాక చూసి అవసరమైతే వేరేది రాస్తానని చెప్పి వెళ్ళింది. అత్తగారు బుద్ధిగా తలూపింది. కోడలు బిళ్ళల అట్ట తీసి అలమరలో పైఅరలో పెట్టింది.

ఆదివారం పొద్దున స్నానాల గది గుమ్మం దగ్గర ధన్‌మని చప్పుడైంది. కోడలు పరుగెత్తి వెళ్ళేసరికి అత్తగారు తలుపు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. ఎముకలు విరగలేదు, అదృష్టం. లేవదీసి పడుకోబెట్టి, దిండు సర్దుతుంటే దాని కింద బిళ్ళల అట్ట. కొత్తది. మందుల కొట్టుకి ఫోన్ చేసి తెప్పించుకున్నట్టుంది. మూడు గళ్ళు ఖాళీ.

కోడలికి ఒళ్ళు మండిపోయింది.

"ఆపమన్నారు కదా అత్తయ్యా! తలకి తగిలితే ఏమయ్యేది?"

"కళ్ళేగా తిరిగాయి. కాసేపు తిరిగి ఆగిపోతాయి."

"చిన్నపిల్లలా మాట్లాడకండి!"

అత్తగారు కాసేపు గోడ మీది నదులకేసి చూసింది. తర్వాత, ఎప్పుడూ లేనిది, చాలా మెల్లగా అడిగింది.

"ఇప్పుడు ఆపేశాననుకో. మీ లెక్కలో నన్ను తీసి ఆ రెండో గుంపులో పడేస్తారుగా? నాలుగేళ్ళు లేనివాళ్ళలో?"

"అలా ఏం కాదు..." అనబోయి కోడలు ఆగిపోయింది.

అలాగే అవుతుంది. అక్షరాలా అలాగే అవుతుంది. ఈవిడ ఒళ్ళు బాగుండి ఐదేళ్ళు నిండితేనే వాడినవాళ్ళ గుంపు. ఈలోపే ఒళ్ళు పాడైతే డాక్టరమ్మ బిళ్ళ ఆపుతుంది, తను వెంటనే ఈవిడని అటు గుంపులోకి తోసేస్తుంది. ఈవిడ ఒక్కతేనా? చిక్కిపోతున్నవాళ్ళకి, తూలుతున్నవాళ్ళకి, మంచం పట్టినవాళ్ళకి ఎవరైనా మొదట ఆపేది రక్తపోటు బిళ్ళే. ఐదేళ్ళు ఆపకుండా వాడారంటే ఐదేళ్ళు ఆరోగ్యంగా ఉన్నారనే అర్థం. పడిపోయే ప్రతి మనిషినీ ఏరి అవతల పారేసి, మిగిలినవాళ్ళు ఎంత బాగున్నారో అని మురిసిపోయింది తను.

ఆమె ఆ అట్ట సంగతే మరిచిపోయి లేచింది.

భర్తని తల్లి దగ్గర కూర్చోబెట్టి, ఆదివారమే ఆఫీసుకి వెళ్ళింది. వరండాలో నేల తుడిచే ఆవిడ తప్ప ఎవరూ లేరు. అప్పుడు తీయాల్సిన ఐదు ఫైళ్ళు ఇప్పుడు తీసింది, వాడనివాళ్ళ గుంపులోంచి. మూడో ఫైలు ఒక మంగలిది. నాలుగేళ్ళ పది నెలలు ఆ బిళ్ళే వేసుకున్నాడు. బరువు తగ్గిపోతున్నాడనీ నిలబడి పని చేయలేకపోతున్నాడనీ రాసి, కింద ఎర్ర సిరాతో 'బిళ్ళ ఆపడమైనది' అని రాశారు. తర్వాత ఏడు నెలలకి ఫైలు ముగిసిపోయింది. ఈ మంగలి ఆ బిళ్ళ వాడనివాడట! ఐదో ఫైలు కూడా ఇలాంటిదే. ఆమె ఇక ఆరోది తీయలేదు.

లెక్క మొదటినుంచి మళ్ళీ కట్టింది. ఈసారి నియమం ఒకటే. మొదటి మందుల చీటీ రాసిన రోజున ఎవరికి ఏ బిళ్ళ రాశారో, ఆ మనిషి చివరిదాకా ఆ గుంపులోనే. ఆపనీ, మానేయనీ, మంచం పట్టనీ, తీసేయడం లేదు. నిజంగా చీటీలు వేసి ఉంటే అలాగే కదా ఉండేది! ఇటు ఈ బిళ్ళ మొదలుపెట్టినవాళ్ళు, అటు అదే రోజుల్లో వేరే బిళ్ళ మొదలుపెట్టినవాళ్ళు. సోమవారం పొద్దునకల్లా కంప్యూటరు తేల్చేసింది. నాలుగేళ్ళ చోట పదకొండు రోజులు. అదీ అటో రెండు నెలలు ఇటో రెండు నెలలు అనేంత పొరపాటుతో. అంటే ఏమీ లేనట్టే.

గురువారం పెద్ద సభ. వంద మంది డాక్టర్లు, పత్రికలవాళ్ళు. పెద్ద డాక్టరు ప్రసంగం తయారు చేసుకుంటున్నాడు. ఆయన ఈ ఫలితాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాడు ఏడాదిగా. కోడలు లోపలికి వెళ్ళి నిలబడే చెప్పింది.

"సార్, ఆ నాలుగేళ్ళు లేవు."

"ఎక్కడికి పోయాయి?" అన్నాడాయన, తాళంచెవులు పోయాయన్నట్టు.

ఆమె మంగలి ఫైలు ఆయన ముందు పెట్టింది. ఆయన చదివాడు. రెండోసారి చదివాడు. ఆయన తెలివైనవాడే, వివరంగా చెప్పక్కర్లేకపోయింది.

"ఐదేళ్ళ షరతు పెట్టింది నేను," అన్నాడు.

"ఒప్పుకుంది నేను సార్."

"మరి మీకు అనుమానం రాలేదేం? మీ పేరే అది కదా."

ఆమె ముఖం ఎర్రబడింది. దాచి లాభం లేదనుకుంది. "మా అత్తగారు ఆ బిళ్ళ వేసుకుంటారు సార్. అది నిజమైతే బాగుండుననిపించింది."

ఆయన కిటికీకేసి తిరిగాడు. "గురువారం దాటనిద్దామా? ఇంకా లోతుగా చూడాల్సి ఉంది అని ఓ ముక్క కలిపి..."

"సార్, మా ఇంట్లో ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోతూ కూడా దిండు కింద పెట్టుకుని మింగుతోంది. ఒక్క ఇంట్లో. అదీ నేను ఒక్కసారి నోరు జారితే. మీరు మైకులో చెబితే?"

ఆయన సొరుగు లాగి ఏదో తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లటి గుండ్రటి బిళ్ళల అట్ట. ఆరు గళ్ళు ఖాళీ.

"నాకు బీపీ లేదు," అన్నాడు పెద్ద డాక్టరు. ఆ అట్టని చెత్తబుట్టలో వేసి, ప్రసంగం కాగితాలు అడ్డంగా చింపి, మంగలి ఫైలు తన ముందుకు లాక్కున్నాడు. "దీంతో మొదలుపెడతాను. ఎలా బోల్తా పడ్డామో చెబుతాను. ఇంతకీ ఎవరు పట్టుకున్నారిది?"

"మా అత్తగారే సార్."

ఆఫీసులో తేలిపోయింది, ఇంట్లో తేలాలి. బస్సులో కూర్చుని కోడలు ఎలా చెప్పాలో వల్లె వేసుకుంది. నాలుగు రకాలుగా మొదలుపెట్టి చూసింది, నాలుగూ చప్పగానే ఉన్నాయి. చెప్పకుండా ఊరుకుంటే ఆవిడ బిళ్ళ మానదు. చెబితే మళ్ళీ "ఎన్నాళ్ళకని?" మొదలవుతుంది. డెబ్బై రెండు నిండటానికి ఇంకా నాలుగు నెలలు.

అత్తగారు మంచం మీద ఆనుకుని కూర్చుని, ఒళ్ళో అట్లాసు పెట్టుకుని, నీలం పెన్సిలుతో ఒక నది గీస్తోంది. రెండో ఏడాది దరఖాస్తు పుస్తకంలోంచి సగం బయటికి కనిపిస్తోంది, సంతకం ఒక్కటే బాకీ. కోడలు కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పింది. షరతు గురించి, మంగలి గురించి, తను పదీ ఒక గుంపులోంచే తీసి చదవడం గురించి, పదకొండు రోజుల గురించి. ఏదీ తగ్గించలేదు.

అత్తగారి వేళ్ళు అట్లాసు మీద ఆఖరిదాకా టకటకలాడి, ఆగాయి.

"అయితే నాలుగేళ్ళు లేవు."

"లేవు అత్తయ్యా. నాదే తప్పు."

అత్తగారు పెన్సిలు పక్కన పెట్టింది. దరఖాస్తు మీద వేలు పెట్టి నెమ్మదిగా పుస్తకంలోకి పూర్తిగా తోసేసింది. కోడలు ఆ ఉద్యోగం చేసే మనిషి కాబట్టి అడగకుండా ఉండలేకపోయింది.

"అత్తయ్యా, మీ పెద్దన్నయ్యగారు ఎలా పోయారు?"

"లారీ గుద్ది. నలభై ఏళ్ళకి. నీకు తెలుసుగా."

"రెండో ఆవిడ?"

"కాన్పులో."

"మీ చిన్నన్నయ్య?"

"క్షయ. అప్పట్లో..."

"ఆఖరి అక్కయ్యగారు?"

"గుండెపోటు. డెబ్బై ఒకటి వెళ్ళి తొమ్మిది నెలలకి."

"ఇందులో డెబ్బై రెండు ఎక్కడుంది అత్తయ్యా? ఒక లారీ, ఒక కాన్పు, ఒక క్షయ, ఒక గుండెపోటు. ఇదెక్కడి లెక్క? నాది తప్పని తేలింది సరే, మీదేం ఒప్పు?"

అత్తగారు వేళ్ళ మీద ఆ నలుగురినీ మళ్ళీ లెక్కపెట్టుకుని అంది, "ముప్ఫై రెండేళ్ళు కోర్టులో సాక్ష్యాలు టైపు చేశాను. ఇంత పేలవమైన సాక్ష్యం దొంగ కూడా ఇవ్వలేదు."

కోడలు నవ్వబోయింది, ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"ఏడవకు. మరి నాకు ఎన్నాళ్ళున్నట్టు?"

"తెలీదు అత్తయ్యా. నిజంగా తెలీదు."

"తెలీదంటే, డెబ్బై రెండుకే పోతానని కూడా తెలీదన్నమాట."

"అదే."

అత్తగారు దిండు కింద చెయ్యి పెట్టి బిళ్ళల అట్ట తీసి కోడలి చేతిలో పెట్టింది. "డాక్టరమ్మ ఆపమంది కదా, ఆపేస్తున్నాను." కోడలి మొహంలోకి చూడకుండా అడిగింది. "మరి ఇప్పుడు నేను ఏ గుంపులో?"

"మొదటి రోజు ఏ గుంపులో చేరారో అందులోనే. నియమం మార్చాం. ఏం జరిగినా సరే, మధ్యలో ఎవరినీ తీసెయ్యం."

"ఎవరినీ?"

"ఎవరినీ అత్తయ్యా."

అత్తగారు తలూపింది. పుస్తకంలోంచి దరఖాస్తు బయటికి లాగి, కొత్త కళ్ళజోడు సర్దుకుని సంతకం పెట్టింది. కింద గడిలో తేదీ కూడా వేసి, రేపు ఆఫీసుకి వెళ్ళేటప్పుడు పోస్టులో వేయమని కోడలికి ఇచ్చింది.